ముదురు పాకం బక్లావా

"అమ్మమ్మా, మీ గ్రీకు వియ్యపురాలు మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు పెద్ద గొడవైందటగా? అమ్మ చెప్పబోతుంది, నవ్వొచ్చి మధ్యలోనే ఆపేస్తుంది. నువ్వు చెప్పు. ఫోన్లో రికార్డు పెట్టాను."

రికార్డా? ఆగవే, ఆగు, జుట్టు సర్దుకోనీ. ఏటీ, వీడియో కాదా? మాటలేనా? ఓస్, అయితే పర్లేదు. ఫోను లేకపోయినా నా మాటలు రియాద్ నుంచి రాజోలు దాకా వినపడతాయని మీ తాతయ్య అంటూనే ఉంటారు. అదుగో, నవ్వుతున్నారు చూడు గదిలోంచి. వినపడదు వినపడదంటారు గానీ నేను ఆయన మాటెత్తితే మాత్రం బ్రహ్మాండంగా వినపడుతుంది.

ఊరికే కూర్చోకే సుస్మితా. డ్యూటీ లేని రోజు కదా అని కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎల్లాగ? రేపు వదినగారు దిగుతున్నారు, ఆవిడొచ్చేసరికి ఈ బక్లావా తయారవ్వాలి. ఆ పల్చటి పిండిరేకుల ప్యాకెట్టు ఇల్లా తే. తడిగుడ్డ కప్పవే దాని మీద! గాలి తగిలితే పెటపెటా చిట్లిపోతుంది. ఆ, అల్లాగ. ఒక రేకు పరువు, వెన్న పుయ్యి. ఇంకో రేకు, ఇంకాస్త వెన్న. పూతరేకులు చుట్టేటప్పుడు చూశావు కదా, అంత సుతారంగా పట్టుకోవాలి. చేతులు పని చేస్తుంటే చెవులు వింటాయి. నేను చెప్తాను.

అయితే ఎక్కణ్ణించి మొదలెట్టను? మా ప్రసాదు, మీ మామయ్య దగ్గర్నుంచే మొదలెట్టాలి. మా వాడు ఇక్కడే ఫిజియోథెరపీ కదా. ముప్ఫై దాటినా పెళ్ళి మాటెత్తితే చాలు, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయేవాడు. పాలకొల్లు సంబంధం వద్దన్నాడు, నరసాపురం సంబంధం వద్దన్నాడు, మీ అమ్మ తెచ్చిన ఆ కాకినాడ టీచరమ్మాయి, పాపం ఎంత బాగుందనీ, వద్దనేశాడు. సరే, వీడికి పెళ్ళి యోగం లేదనుకుని నేను ప్రార్థనలో కూడా అడగడం మానేశాను. అప్పుడు, ఒక రోజు, అన్నం కలుపుతూ కలుపుతూ, "అమ్మా, ఎలెనీ అని ఒక అమ్మాయి" అన్నాడు. బిల్డింగుల డిజైన్లు గీసే కంపెనీలో పనట. సైటులో కాలు మెలికపడితే వీడి దగ్గరికి వచ్చిందట. కాలు బాగైపోయింది గానీ రావడం మాత్రం మానలేదట. మీ తాతయ్య అడిగారు, "గ్రీకంటే మ్యాపులో ఎక్కడ?" అని. నేనన్నాను, "బైబిల్లో కొరింథీయులున్నారు చూడండి, అక్కడ." "ఓ, అయితే మనవాళ్ళే" అన్నారు. అంతేనే. మా ఇంట్లో కులగోత్రాల విచారణ అల్లాగ అయిపోయింది.

అమ్మాయి బంగారం. ఇంటికొచ్చిన మొదటిరోజే "అత్తయ్యా" అంది, వీడు నేర్పాడులే. కానీ ఒక మాట తెగేసి చెప్పింది. "నాన్న లేరు. అమ్మకి నేనొక్కదాన్నే. అమ్మ వచ్చి చూస్తుంది. అమ్మ సరేనంటేనే పెళ్ళి, కాదంటే లేదు" అంది. ఆ మాట విన్నాక మా వాడికి ముద్ద దిగితే ఒట్టు. చిక్కి సగమైపోయాడు. పైకి నవ్వుతాడు గానీ తల్లిని కదే, నాకు తెలియదా! ఆ పిల్ల కాకపోతే వీడు ఇంకెవర్నీ చేసుకోడని నాకు అర్థమైపోయింది.

మరి ఇహ వాళ్ళమ్మ బయల్దేరింది. ఇప్పుడు టూరిస్టు వీసా ఫోన్లోనే వచ్చేస్తుంది కదా. మా రోజుల్లోనా! కఫీల్, అదే మనల్ని పనిలో పెట్టుకున్న ఆసామి, కాగితం మీద సంతకం పెడితే గానీ పక్క ఊరు కూడా వెళ్ళడానికి లేదు. నేనొచ్చిన కొత్తలో ఈ మలాజ్ పేటలో మా నర్సుల హాస్టలు, కింద బేకరీ, ఒక్క రియాలుకి సంచీడు ఖుబ్జు రొట్టెలిచ్చేవాడు. ఆ రొట్టెలు తిని తిని, ఒకరోజు మంచం మీద కూర్చుని గోంగూర కోసం ఏడ్చానే. నవ్వకు. నిజంగా ఏడ్చాను, ఎక్కిళ్ళు పెట్టి. మా అమ్మ గుర్తొచ్చి కాదు, అచ్చంగా గోంగూర గుర్తొచ్చి. అదెందుకు చెప్తున్నానంటే... ఆ, అందుకే. ఆ తల్లి వచ్చి చూసినప్పుడు, నా పిల్ల ఈ ఇంట్లో తన ఇంటి తిండి తింటుంది, గోడకి తిరిగి ఏడవదు అని ఆవిడకి తెలియాలి. అందుకని గ్రీకు వంటలే చేస్తానని పట్టుబట్టాను.

అందరూ వద్దన్నారే! ఎలెనీ కూడా, "అత్తయ్యా, మీ వంటే చెయ్యండి, అమ్మకి కొత్త రుచులంటే ఇష్టం" అంది. మీ తాతయ్య అయితే పేపరు కిందపెట్టి మరీ చెప్పారు. "ఆవిడ వాళ్ళ లంకలో హోటలు నడుపుతుందట. వంటలక్కకే వంట చేసిపెడతావా? మన రొయ్యల వేపుడు పెట్టి పంపించక." అప్పుడు నాకు పౌరుషం వచ్చేసింది. ఆవిడది సముద్రంలో లంకైతే నాది గోదావరి లంక. పొరలు మనకి కొత్తా? మడతకాజా ఎవరిది? పాకం మనకి కొత్తా? నేను పుట్టిందే పాకంలో!

వెన్న కొంచెం తగ్గించవే, ఈత కొడుతోంది అక్కడ. ఇప్పుడు అక్రోట్ల పొడి చల్లు. అందులో దాల్చినచెక్క, లవంగం కలిపానులే. బయట కొట్లలో పిస్తా వేస్తారు చూడు, ఆవిడ ఊళ్ళో అక్రోట్లే. ముక్కముక్కకీ మధ్యలో ఒక లవంగం గుచ్చుతారు కూడా, మన లవంగలతికలకి గుచ్చినట్టు.

సరే, ఆ రోజు. హాటు కింద వాళ్ళ ఆకుకూర 'పై' అని ఒక వంటకం చేశాను. పాలకూర, ఫెటా అని ఉప్పటి చీజు, ఇవే రేకుల మధ్య పెట్టి కాల్చడం. లోపలి కూర రుచి చూద్దును కదా, చప్పగా ఏడ్చింది. కారం లేదు, పులుపు లేదు, అదేం తిండే! బత్తా బజారుకెళ్ళి తాతయ్య తెచ్చిన గోంగూర ఉంది. గుప్పెడు తరిగి పడేశాను. నాలుగు పచ్చిమిరపకాయలు కూడా. ఎవరికి తెలుస్తుందిలే అని.

ఇంక బక్లావా. ఎలెనీ చెప్పింది ఏంటంటే, పంచదార నీళ్ళు కాసేపు మరిగించి, చల్లారబెట్టి, పొయ్యిలోంచి తీసిన వేడి వేడి బక్లావా మీద పొయ్యాలి అని. నేను మరిగించి గరిటెతో ఎత్తి చూశానా, నీళ్ళలాగా కారిపోతోంది! ఇది పాకమా, షర్బత్తా? ఇలాంటిది పోస్తే కోనసీమ పరువు ఏమవ్వాలి? మా అమ్మ అరిసెలకి పాకం పడితే, పళ్ళెంలో నీళ్ళు పోసి, చుక్క వేసి, ఉండ చేసి, పళ్ళేనికేసి కొడితే ఠంగుమనాలి. అప్పటిదాకా పొయ్యి దగ్గర్నుంచి ఎవర్నీ కదలనిచ్చేది కాదు. నాకూ అదే చెయ్యి వచ్చింది. తేనె కూడా పోసి తిప్పుతూనే ఉన్నాను, తిప్పుతూనే ఉన్నాను. ఠంగుమంది. అహా అనుకుని, ఆ మరిగే పాకాన్నే పోసేశాను. ఏం మెరుపే, అద్దంలా! నా మొహం నాకే కనపడింది అందులో.

ఆ తర్వాత కత్తి పెట్టాను. దిగలేదు.

ఇంకో కత్తి పెట్టాను. అదీ దిగలేదు. పైకెత్తి నొక్కితే పళ్ళెం మొత్తం లేచొచ్చింది కత్తితో పాటు. మీ తాతయ్య వచ్చి చూశారు, వెళ్ళి సుత్తి పట్టుకొచ్చారు. ఔనే, సుత్తి! "ఎక్కడ కొట్టమంటావో చెప్పు" అంటారు, మొహంలో నవ్వు ఆపుకోలేక. నాకు ఏడుపూ, నవ్వూ, కోపం, అన్నీ ఒకేసారి. "మీ నోటి చలవేనండీ ఇదంతా" అని అరుస్తున్నాను, ఆయన ఠక్ ఠక్ మని కొడుతున్నారు, ముక్కలు వంటింట్లో నలుమూలలకీ ఎగురుతున్నాయి. ఇంకోటి చేద్దామంటే కొద్ది రేకులే మిగిలాయి, టైమూ లేదు. అంతలో కాలింగ్ బెల్లు.

తలుపు తీస్తే, ఎలెనీ పక్కన వాళ్ళమ్మ, నల్లగౌను, తెల్లజుట్టు, బొద్దుగా, పొట్టిగా, అచ్చం మా చర్చిలో సండేస్కూలు అమ్మగారిలా ఉంది. పేరు దెస్పినా. వస్తూనే నన్ను ఒడిసిపట్టుకుని ఈ బుగ్గ మీదొకటి, ఆ బుగ్గ మీదొకటి ముద్దు పెట్టేసింది. తర్వాత తాతయ్య వైపు తిరిగింది. ఆయన రెండడుగులు వెనక్కేసి, చెయ్యి బారుగా చాపేసి, "నైస్ టు మీట్ యూ మేడమ్" అన్నారు. పాపం, సోఫా తగిలి అందులో కూలబడ్డారు.

మా వాడికి ఆ రోజు డ్యూటీ మార్చుకోవడం కుదర్లేదు. సాయంత్రానికి గానీ రాడు. అంటే పిల్లాడు లేని పెళ్ళిచూపులు, అదీ పిల్లాడి ఇంట్లో. అంతా తిరగబడిపోయింది. ముందు ఆ ఆకుకూర పై పెట్టాను. ఆవిడ తింటోంది, మొహంలో ఏమీ లేదు. నవ్వదు, చిరాకు పడదు. నేను "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వేసేస్తున్నాను, ఆవిడ తినేస్తోంది. ఫోర్కుతో ఒక ఆకు పైకి తీసి, వెలుగులో పెట్టి చూసి, వాసన చూసింది. కూతుర్ని ఏదో అడిగింది. "ఈ పుల్లటి ఆకేంటని అడుగుతోంది" అంది ఎలెనీ. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. గోంగూర అని చెప్పాను. ఆవిడ తల ఊపి, మళ్ళీ తినసాగింది. అది మెచ్చుకోవడమో, కాదో! ఆపరేషను థియేటరు బయట కూర్చున్నట్టుంది నాకు.

తర్వాత... తర్వాత స్వీటు. ఎలెనీ బక్లావా అడిగింది, ఇంకేం చేస్తాను, తెచ్చిపెట్టాను. దెస్పినా ఒక ముక్క తీసుకుని కొరికింది.

ఠక్!

ఆవిడ ముక్క బయటికి తీసి, పళ్ళు తడుముకుని చూసుకుంది. ఆ ముక్కతో ప్లేటు మీద కొట్టింది. టక్ టక్. తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, భుజాలు అదిరిపోతున్నాయి నవ్వాపుకోలేక. అప్పుడు ఆవిడ లేచి, గౌను చేతులు పైకి మడిచి, వంటిల్లు ఎక్కడా అని చేత్తో అడిగింది.

పెళ్ళిచూపులకొచ్చి వంటింట్లో దూరతారటే ఎవరైనా? నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా దారి చూపించాను, ఏం చేస్తాను, మా వాడి మొహం కళ్ళ ముందు కనపడుతోంది. ఆవిడ మిగిలిన కాసిని రేకులు చూసింది, ఒక చిన్న గిన్నెలో పరిచేసి ఒవెన్లో పెట్టేసింది. చెయ్యి ఎంత గబగబా ఆడిందో! పాకం పెట్టింది. పంచదార, నీళ్ళు, దాల్చినచెక్క, నిమ్మతొక్క. అది కాస్త మరిగిందో లేదో దించేస్తోంది. నేను ఆగలేక మంట పెంచబోయాను. ఫట్‌మని నా చేతి మీద కొట్టింది!

నన్ను! నా వంటింట్లో! సర్జికల్ వార్డు ఇంచార్జిగా చేసినదాన్ని, పెద్దపెద్ద డాక్టర్లే నా ముందు గొంతు పెంచేవారు కాదు. ఆవిడ ఆ పాకాన్ని చల్లటి నీళ్ళలో పెట్టి చల్లార్చి, ఒవెన్లోంచి గిన్నె తీసి, నా తల పట్టుకుని, చెవి గిన్నె దగ్గరికి వంచింది. పాకం పోసింది. చుయ్‌య్‌య్... ఎంతసేపు పాడిందో అది! పెనం మీద నీళ్ళు చల్లితే వస్తుంది చూడు, ఆ చప్పుడు. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇదీ విషయం అన్నట్టు కళ్ళెగరేసింది. నాకు నవ్వొచ్చేసింది. ఆవిడకీ వచ్చేసింది. ఇద్దరం స్టవ్వు పట్టుకుని ఊగిపోయాం. కానీ పిల్లనిస్తానని మాత్రం ఒక్క మాట లేదు.

అంతలో మా వాడు వచ్చాడు. పొద్దున్నుంచీ టెన్షన్లో ఏమీ తినలేదు కదా, కళ్ళు లోపలికి పోయాయి. ఆవిడకి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. టేబులు మీద ఆ రాళ్ళ ప్లేటు ఉందా, వాడికి ఏం జరిగిందో తెలియదు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కరకరకర. దెస్పినా గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. వాడు ఇంకోటి వేసుకున్నాడు. "బావుందమ్మా, నువ్వే చేశావా?" అన్నాడు. కరకరకర. ఎలెనీ కళ్ళతో సైగ చేస్తోంది, వద్దు వద్దని. వాడు చూడ్డే! ప్లేటు ఖాళీ చేసి, వేలితో పొడి కూడా అద్దుకుని నాకి, "ఇంకా ఉందా?" అన్నాడు.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. నడుచుకుంటూ వాడి దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. చూసి, వాడి మొహం మీద,

ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!

ఉమ్మేసిందే! నా కొడుకు మీద!

తాతయ్య సోఫాలోంచి ఎగిరి లేచారు, "ఏంటండీ ఇది, ఏంటిది!" అని. నేనైతే ఏ గరిటె దొరికితే ఆ గరిటె పట్టుకుని బయల్దేరాను. పిల్లనివ్వకపోతే మానె, ఉమ్ముతుందా! ఇంతకాలం పెంచుకున్నాను, చిన్న దెబ్బ వేసి ఎరగను! ఎలెనీ చూస్తే ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూను. నా చేతిలో గరిటె చూసి ఆవిడ నిర్ఘాంతపోయింది. పోయి, కూతురి వైపు తిరిగి, కూతురి మీద కూడా ఫ్తూ ఫ్తూ ఫ్తూ అంది. అప్పుడు చూశానే నేను. తడి లేదు. ఉత్తి గాలి. చప్పుడే.

చేయి ఆగిపోయింది నాకు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. మేం సెలవులకి వెళ్ళినప్పుడు ముందు కూర్చోబెట్టి ప్రార్థన చేసేది, ఆమెన్ అన్నాక ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి, "థూ థూ అనండి" అనేది. పాస్టరుగారికి తెలిస్తే కోప్పడతారని తలుపు గడియ పెట్టి మరీ! "ఓసి నీ దుంపతెగా, ఇది దిష్టే!" అని అరిచాను. ఎలెనీ ఏడుస్తూనే చెప్పింది, "అవునత్తయ్యా, మంచివాళ్ళకి కన్ను తగలకూడదని. అమ్మ ఊరికే ఎవరికీ చెయ్యదు. ఇంట్లో మనిషికే చేస్తుంది."

నేను గరిటె పారేసి వంటింట్లోకి పరిగెత్తాను. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్లో పట్టుకొచ్చి, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి తిప్పేశాను. దెస్పినా చప్పట్లు కొడుతోంది, వాళ్ళ ఊళ్ళోనూ ఏదో నూనెతో చేస్తారట. ఆ ఊపులో మిరపకాయలు తీసుకెళ్ళి గ్యాసు మంట మీద పడేశాను. దిష్టి లేకపోతే ఘాటు వస్తుందంటారు కదా, మాకు ఎంత ఘాటొచ్చిందంటే బిల్డింగు అలారం మోగిపోయింది! పైవాళ్ళు, కిందవాళ్ళు మెట్ల మీద పరుగులు. వాచ్‌మన్ బంగ్లాదేశ్ అతను బకెట్టుతో వచ్చాడు, "క్యా హువా మాజీ, క్యా హువా!" అంటూ. "షాదీ హువా!" అని చెప్పాను దగ్గుతూ. పెళ్ళి అవ్వలేదనుకో అప్పటికి, కానీ నా నోట్లోంచి అదే వచ్చింది. పాపం, అతనికి బక్లావా పెట్టి పంపించాం. మెత్తటిదేలే.

కిటికీలన్నీ తీసి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాక ఎలెనీని అడిగాను, మీ అమ్మకి ఏం నచ్చి ఒప్పుకుందని. ఆకుకూర పై నచ్చిందా? ఆవిడ పొడుగ్గా ఏదో చెప్పింది. ఎలెనీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి నాకు చెప్పింది. ఎలెనీ వాళ్ళ నాన్న, పోయినాయన, వంటలో కొంచెం తేడా వస్తే ప్లేటు తోసేసేవాడట. హోటలు నడిపే మనిషి ఇంట్లో రోజూ భయపడుతూ వండేదట. "ఈ పిల్లాడు తల్లి చెడగొట్టినదాన్ని కూడా వేలితో అద్దుకుని తిన్నాడు. నా కూతురు ఈ ఇంట్లో భయపడకుండా వండుకుంటుంది" అందట. నాకు కన్నీళ్ళాగలేదే. మిరపకాయల ఘాటు అనుకున్నారు అందరూ. లేచి వెళ్ళి ఆవిణ్ణి పట్టుకుని "వదినగారూ" అన్నాను. ఆవిడకేం అర్థమైందో, నా రెండు బుగ్గలూ మళ్ళీ తడిపేసింది.

వెళ్ళేటప్పుడు గోంగూర గింజలు అడిగి పట్టుకెళ్ళింది, తెలుసా? ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా ఏదో పుల్లటి ఆకు వేసేదట ఆ పైలో. ఇప్పుడు వాళ్ళ లంకలో హోటల్లో మా గోంగూర పైకి మహా గిరాకీ అట. పచ్చిమిరపకాయలు మాత్రం తీసేసిందిలే. పెళ్ళికి కూడా ఆవిడే అడిగింది, మెత్తటిదొక ట్రే, నా రాయి బక్లావా ఒక ట్రే ఉండాలని. ఇప్పుడు నా మనవడు, ప్రసాదు కొడుకు, ఆ రౌడీ వెధవ, రాయిదే కావాలంటాడు. పళ్ళే సరిగ్గా రాలేదు, చప్పరిస్తూ కూర్చుంటాడు. అందుకే ఇవాళ రెండు రకాలూ చేస్తున్నాం మనం.

ఏదీ, పాకం చూడు. గరిటెతో ఎత్తు. నీళ్ళలాగా కారుతోందా? ఇంకొంచెం మంట పెట్టనా అంటావా? హహ్హ, చూశావా, నీదీ గోదావరి చెయ్యే! దించెయ్యి, దించెయ్యి. ముదురుది తర్వాత పడదాం.

ఏటే, కళ్ళు తుడుచుకుంటున్నావు? ఫోన్లో ఆ వెలిగిన మెసేజీ భీమవరం కుర్రాడిదేనా? నాకు తెలియదనుకున్నావా! సిగ్గెందుకే, తీసుకురా ఇంటికి, ఆ రాయి ముక్క ఒకటి పెట్టి చూద్దాం వాణ్ణి. నువ్వు మాడ్చినా, ఉప్పు మర్చిపోయినా, పాకం ముదరబెట్టినా, నీ చేతి వంట వేలితో అద్దుకుని తినేవాడు దొరకాలి తల్లీ నీకు. నువ్వూ అల్లాగే తినాలి, వాడు చేసింది. చల్లగా ఉండు. ఇల్లా రా, దగ్గరికి, మొహం పైకెత్తు.

ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!

తుడుచుకోకే పిచ్చిదానా, అల్లాగే ఉండనీ.